తాడు దొంగ

గేటు దగ్గర సైకిలు దిగిన ముసలాయన లోపలికి రాలేదు. వాకిట్లో కారు వంకే చూస్తూ నిలబడ్డాడు.

గౌరి అరుగు మీద నుంచి లేచి గుమ్మం చాటుకి జరిగింది. పదో తరగతికి వచ్చినా కొత్తవాళ్ల ముందు ఆమెకు నోరు పెగలదు.

కారు పక్కన అన్న గోపి చెమటలు కక్కుతున్నాడు.

ఇరవై ఏళ్ల నాటి కారు అది. మొన్ననే కొన్నాడు. రేపు సాయంత్రం భాస్కర్ బావ పెళ్లి ఊరేగింపు అందులోనే. కారు నేలని తాకుతున్నట్టు కిందికి ఉంటేనే అందమని, ఫోన్లో చూసి చవకరకం పొట్టి స్ప్రింగులు తెప్పించాడు.

పాతవి తీసి వీటిని వెయ్యాలి. అణిగి ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడిపోతే మనిషి మీదికి లేస్తుంది. దాన్ని నొక్కిపట్టే పనిముట్టు గోపి దగ్గర లేదు.

నాన్న పడవకని కొన్న కొత్త నైలాను తాడు ఉంది.

కారు బరువుకి స్ప్రింగు అణిగి ఉన్నప్పుడే దాన్ని తాడుతో చుట్టి కట్టేశాడు. తర్వాత జాకీ ఎత్తి, షాక్ అబ్జార్బర్‌తో సహా ఊడదీశాడు. ఇక పై నట్టు విప్పడమే మిగిలింది.

"తాడు ఆగుతాదా?" గౌరి లోపలి నుంచే అడిగింది.

"పడవనే ఆపుతాదే ఇది. ఇంత స్ప్రింగుని ఆపలేదేటి? మన రేవు వైపు మెకానిక్కులందరూ ఎప్పట్నుంచో ఇలాగే కడతన్నారు."

అప్పుడు వచ్చాడు ముసలాయన లోపలికి. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఏటి తాతా?"

ఆయన మళ్లీ అన్నాడు. మళ్లీ అర్థం కాలేదు. వేలాడుతున్న తాడు కొసని కాలి కింద తొక్కిపట్టి, రెండు చేతులతో లాగాడు. వదిలాడు. మళ్లీ లాగాడు.

గోపి నవ్వాడు. "పొద్దున్నే ఏసుకొచ్చేసినట్టున్నాడు. ఒసే గౌరీ, మంచినీళ్లిచ్చి పంపించెయ్యే."

గౌరి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన గోడ వైపు తిరిగి తాగాడు.

గోపి దగ్గరున్న పానా నట్టుకి సరిపోలేదు. పెద్దది అడగడానికి పక్కింటికి వెళ్లాడు.

ముసలాయన చెంబు కింద పెట్టాడు. స్ప్రింగుని గోడ వైపు తిప్పి, కాలితో అదిమిపట్టి, మొహం పక్కకి తిప్పుకుని ముడి లాగాడు.

ఠంగుమంది.

గౌరి చెవులు మూసుకుంది. స్ప్రింగు పైకి తన్నింది. నట్టు ఉండబట్టి అక్కడే ఆగింది.

ముసలాయన ఆ నట్టుని చూపించాడు. తర్వాత గోపి కూర్చున్న పీటని చూపించాడు. గౌరి వైపు ఒకసారి చూసి, తాడు చుట్ట చుట్టి సైకిలుకి తగిలించుకుని వెళ్లిపోయాడు.

అరవాలి. గౌరి అరవలేదు.

"తాడేదే?" గోపి తిరిగొచ్చాడు.

"ఆ తాత అట్టుకెళ్లిపోయేడు."

"నువ్వు సూస్తా కూకున్నావా? నోట్లో ఏటి పెట్టుకున్నావే? రేపు నాన్న వేట నుంచొచ్చి తాడడిగితే ఏటి సెప్తావు?"

రోడ్డు మీదికి పరిగెత్తాడు. "దొంగ సచ్చినోడా" అని అరిచాడు. సైకిలు అప్పటికే కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే వేరే దారి లేక, రెండో వైపుదీ ఊడదీసి ఆటోలో పూసపాటిరేగ బయల్దేరాడు. రెండోది ఒళ్లో పెట్టుకుని గౌరి పక్కన కూర్చుంది.

జంక్షన్లో మెకానిక్ గణపతిరావు షెడ్డు. ఆయన స్ప్రింగుకి రెండు పక్కలా ఇనుప కొక్కేలు తగిలించి మరలు బిగించాడు. స్ప్రింగు మారుమాట లేకుండా అణిగింది.

గోపి అది చూడటం లేదు. గోడకి వరసగా మేకులున్నాయి. మేకుకో తాడు. నీలం, పచ్చ, తెలుపు.

"ఇది మా తాడు."

"నీదేనేటి? తీసుకో. నిన్న మావ తెచ్చి తగిలించేడు."

"మీ మావా? ఆ తాగుబోతు..."

"చుక్క ముట్టడు బాబూ. మాట తిరగదు, అంతే." గణపతిరావు తలెత్తలేదు. "పడవ తాడు సాగుతాది. కెరటం లాగినప్పుడు అలా సాగబట్టే పడవ బతుకుతాది. స్ప్రింగు కాడ సాగిందా, నట్టు ఇప్పినోడి మొహం మీదికొస్తాది. సెప్తే ఎవుడికీ అర్థం కాదు. అందుకే అట్టుకొచ్చేస్తాడు."

గోపి తను కూర్చున్న పీట గుర్తొచ్చినవాడిలా చెంప తడుముకున్నాడు.

"ఎక్కడున్నారు?"

"పొద్దున్న మొదటి బస్సుకే పాతపట్నం ఎల్లిపోయేడు, కూతురి కాడికి. కళ్లు బాగా తగ్గిపోయేయి. ఇంక రాడు."

గోపి తాడు తీసి కళ్లకద్దుకున్నాడు.

చివరి మేకుకి ఒక ముక్క విడిగా వేలాడుతోంది. నల్లబడిపోయి, పొట్టిగా, కొస పీచులు పీచులుగా ఉంది.

గౌరి కొత్తమనిషితో మాట్లాడటం అదే మొదటిసారి.

"అదెవరిదండీ?"

గణపతిరావు మర తిప్పడం ఆపాడు.

"అది ఎవురి దగ్గరా తెచ్చింది కాదమ్మా, మావ సొంతం. దవడ పోయిన రోజు ఆయన స్ప్రింగుకి కట్టింది." తాడు వైపు చూసి మెల్లగా అన్నాడు. "స్ప్రింగుకి పడవ తాడు కట్టొచ్చని ఈ రేవులన్నిటికీ మొదట నేర్పినోడు ఆయనే."