ఫిర్యాదు లేని రోజులు

బోర్డు మీద రేకు అంకె మార్చి గుమాస్తా ఇంకా స్టూలు దిగనేలేదు, కిటికీ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

బోర్డు మీద ‘ఫిర్యాదు లేని రోజులు’ అని పెద్ద అక్షరాలు. వాటి కింద తొమ్మిది వందల తొంభై రెండు.

ఆ గొంతు ఎవరిదో చూడకుండానే తెలిసింది. గొణుగుడమ్మ.

ఊరి అంచున విత్తనాల కొట్టులో ఏళ్ల తరబడి పనిచేసి, ఒళ్లు సహకరించక నెల కిందటే గుమాస్తా ఉండే మేడకు వచ్చింది. మూడో అంతస్తులో గది ఇచ్చారు. వచ్చిన వారానికే ఆ పేరు పడింది.

ఆ ఊళ్లో తలుపులకు తాళాలు లేవు. అందరికీ ఒకే కొలత గది, ఒకే వంటశాల, ఒకే పని గంటలు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేనిదేదీ లేదని పిల్లలు బడిలో పాడుకుంటారు. ఊరికి ప్లాను గీసిన మహానుభావుడు పేరైనా చెప్పుకోకుండా అందరిలో ఒకడిగా కలిసిపోయాడని కూడా ఆ పాటలోనే ఉంది.

అలాంటి ఊళ్లో ఫిర్యాదుల కిటికీకి పనేముంటుంది? ఊరిని నడిపే ఇప్పటి పెద్దాయన వచ్చాక పని కల్పించాడు. పైన బోర్డు పెట్టించాడు. పుస్తకంలో ఒక్క వాక్యం ఎక్కినా బోర్డు సున్నాకు రావాలి. వెయ్యి నిండితే ఊరికి సంబరం, గుమాస్తాకు కింది అంతస్తులో గది. కొలత అదే, మెట్లు మాత్రం ఉండవు.

గుమాస్తా ఉండేది నాలుగో అంతస్తు. భార్యకు నెలలు నిండాయి. తిండికి వెళ్లాలన్నా కిందికి దిగాల్సిందే, ఎక్కాల్సిందే. అందుకే అతనికి ఆ వెయ్యి తప్ప వేరే ధ్యాస లేదు. కూర్చున్నంతసేపూ కాలు ఊపుతూనే ఉంటాడు.

“మూడో అంతస్తు మలుపులో రెయిలింగు ఊగుతోంది నాయనా. పుస్తకం ఇవ్వు, రాస్తాను.”

“బైండింగుకు వెళ్లింది పెద్దమ్మా.”

“నిన్న సిరా అయిపోయిందన్నావు.”

“అది నిన్నటి మాట.”

ఆవిడ నవ్వి, కొంగు ముడిలోంచి చీటీ తీసి కిటికీ సందులోంచి తోసింది. వెళ్తూ వెళ్తూ రోజూ అడిగేదే అడిగింది.

“ఆ కుర్చీకి వీపు ఆనుతోందా నాయనా?”

ఎగతాళి అనుకుని పళ్లు కొరుక్కున్నాడు. కుర్చీ వీపు ఊడిపోయి రెండేళ్లయింది. ఊడిందని రాస్తే అదీ ఫిర్యాదే.

చీటీ సొరుగులో పడేశాడు. అది ఏడోది. అన్నిటి మీదా ఒకటే రాత, ప్రతి తలకట్టూ కొడవలిలా వంగి.

అలాగని గుండె రాయి చేసుకోలేకపోయాడు. చాటుగా వెల్డరును కలిశాడు.

“ఫిర్యాదు నంబరెంత?” అన్నాడు వెల్డరు.

“నంబరే ఉంటే నిన్ను బతిమాలడం దేనికి?”

“నంబరు లేకపోతే ఆ రెయిలింగు ఊగనట్టే లెక్క బావా.”

ఆ సాయంత్రం గుమాస్తాయే తీగె తెచ్చి మూడు చుట్లు చుట్టాడు. పట్టి చూశాడు. ఊగింది, కాస్త తక్కువగా. ఎనిమిది రోజులు ఆగితే చాలు తల్లీ అని దానికే దండం పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు భార్య చెప్పింది, గొణుగుడమ్మ మలుపులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటోందనీ, ఎవరినీ రెయిలింగు ముట్టుకోనివ్వడం లేదనీ, తనను చెయ్యి పట్టుకుని కిందిదాకా దించి మళ్లీ ఎక్కిస్తోందనీ.

“ఆవిడతో నీకు మాటలెందుకు?”

“మీరొచ్చి దించుతారా ఏమిటి?”

గుమాస్తా గోడకేసి తిరిగి పడుకున్నాడు.

తొమ్మిది వందల తొంభై ఎనిమిదో రోజున గొణుగుడమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి అతనే చేతులు జోడించాడు.

“రెండు రోజులు ఓపిక పట్టు పెద్దమ్మా. ఆ తర్వాత నా చేత్తో నేనే రాస్తాను.”

“నాకుంది నాయనా. రెయిలింగుకు ఉండొద్దూ?”

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. మేడంతా ఒక్కసారిగా మెట్లమీద పడింది. ఆ తోపులాటలో గుమాస్తా భార్య కళ్లు తిరిగి మలుపులో రెయిలింగు మీదికి ఒరిగింది. గొణుగుడమ్మ లేచి, ఆ పిల్లను రెక్క పట్టి గోడవైపు లాగి, తాను రెయిలింగు వైపయింది.

తీగె తెగింది.

గుమాస్తా పరుగెత్తుకొచ్చేసరికి కింద దుప్పటి కప్పేశారు. భార్య మెట్టు మీద కూలబడి, ముక్కాలిపీటను ఒళ్లో పెట్టుకుని ఉంది.

పెద్దాయన వచ్చి అతని భుజం తట్టాడు.

“ప్రమాదం ఫిర్యాదు కాదు. పుస్తకంలో ఎవరూ రాయలేదుగా? రేపు వెయ్యి.”

తెల్లవారి కిటికీ ముందు ఊరంతా చేరింది. గుమాస్తా స్టూలెక్కి కుడివైపు నుంచి ఒక్కొక్క రేకూ తగిలించాడు. సున్నా. సున్నా. సున్నా. చివరి ఒకటి చేతిలోనే ఉంది.

అప్పుడే పెద్దాయన పెట్టెలోంచి ఊరి మొదటి ప్లాను తీయించి, అందరూ చూడండంటూ బోర్డు కిందే మేకులు కొట్టించాడు. గుమాస్తా వంగి చూశాడు.

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. “ఒకటి పెట్టవయ్యా,” అంటున్నారు వెనక నుంచి. బోర్డు మీద మూడు సున్నాలూ అలాగే ఉన్నాయి.

ప్లానులో ఒకటో నంబరు ఇళ్లకు కాదు, వీధులకు కాదు, ఈ కిటికీకే వేసి ఉంది. దాని పక్కన పెన్సిలుతో, కొడవలి తలకట్లతో సన్నటి రాత: ‘ఇక్కడ కూర్చునే మనిషికి వీపు ఆనే కుర్చీ వేయండి, పొద్దస్తమానం ఊరి గోడు వినాలి కదా.’