అక్కమ్మకు శాలువా

"నేను ఎక్కను. నన్ను ఇడిసిపెట్టండి," అంది అక్కమ్మ మూడోసారి.

ఎవరూ వినిపించుకోలేదు. చంద్రగిరి పక్కనున్న ఆ ఊళ్ళో ఈ ఏడు మహిళా దినోత్సవం ఘనంగా చెయ్యాలని పొదుపు సంఘాలన్నీ కలిసి అనుకున్నాయి. బడి ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు వేస్తే అయిదింటిలో మగవాళ్ళు కూర్చున్నారు. పండగ ఆడవాళ్ళది కదా, ఆమాత్రం మర్యాద తప్పదు.

వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని నిండా అక్కమ్మ ఫోటో. కింద ఎర్ర అక్షరాలు: "చెయ్యి విరిగినా వెనక్కి తగ్గని సారా పోరాట వీరనారి." డెబ్బై ఏళ్ళ అక్కమ్మ దానివైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత తల ఎత్తితే ఒట్టు.

ఇదంతా జయంతి వల్ల వచ్చింది. జయంతి తిరుపతిలో కాలేజీ లెక్చరరు. ముప్పై ఏళ్ళ కిందట సారాయి అంగళ్ళు మూయించిన ఆడవాళ్ళ కథలు ఊరూరా తిరిగి రాసుకుంటోంది. పోయిన నెల ఈ ఊరికి వచ్చినప్పుడు అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అక్కమ్మ కనబడింది. ఎడమ చెయ్యి మోచేతి కింద వంకర తిరిగి ఉంది.

"చేతికేమైంది అవ్వా?"

"సారాయంగడి కాడ గలాటాలో ఇరిగిందమ్మా."

"మీరు ముందు నిలబడ్డారా?"

"గుమ్మంలో నిలబడినా."

"భయపడి పారిపోలేదా?"

"యాడికి పోయేది తల్లీ."

జయంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా రాసుకుంది. రెండు ఫోటోలు తీసుకుంది. బస్సు వేళైందని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా పేపర్లో ఫోటోతో సహా పడి, అక్కమ్మ పేరు జిల్లా అంతా పాకింది.

ఊళ్ళో కాదనేవాళ్ళెవరూ లేరు. కోడళ్ళందరూ ఆ తర్వాత వచ్చినవాళ్ళే. ఆనాటి మగవాళ్ళు నలుగురైదుగురు మిగిలినా, సారాయి మాటెత్తితే చాలు, చెవులు వినపడనట్టు కూర్చుంటారు.

అందరికన్నా సంబరం మనవరాలు స్రవంతిది. డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. ఫోటో చూసిన రోజు నుంచి ఆ పిల్ల కాలు నేల మీద నిలవడం లేదు.

"నాకెందుకు ఎప్పుడూ చెప్పలేదవ్వా?" అంది ఆ రోజు మెడ చుట్టూ చేతులేసి.

"చెప్పుకునేదానికి ఏముండాది లే," అంది అక్కమ్మ. ఆ పూట అన్నం సయించలేదు. పిల్ల మొహం చూస్తే సభకు రానని అనలేకపోయింది. వస్తానని అనాలంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

గలాటా నాటి పొద్దున వీధి నిండా వచ్చిన ఆ ముప్పై మంది ఆడవాళ్ళ మొహాలూ ఆమెకు ఇంకా గుర్తే. ఒక్కొక్క మొహం. చాలామంది పోయారు, ఉన్నవాళ్ళూ బిడ్డల దగ్గరికని ఊరు దాటారు. వాళ్ళ ఫోటో ఒక్కటీ ఫ్లెక్సీలో లేదు.

ఇంతలో వసంతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ పోరాటాన్ని ముందుండి నడిపింది ఆమే. ఇప్పుడు సంఘం లీడరు. అక్కమ్మ చెయ్యి విరిగితే బస్సెక్కించి పుత్తూరు కట్టుకు తీసుకుపోయింది ఆమే. నెలన్నర పాటు రెండు పూటలా సంగటి వండి తెచ్చింది కూడా ఆమే. ఆ తర్వాత సంఘంలో చేర్చి, చేతికి పని చూపించింది. అప్పట్నుంచి ఒకరు లేనిదే ఒకరికి పొద్దు గడవదు.

"రా అక్కా. ఈ ఒక్క పూట నా మాట ఇను."

"ఆ పొద్దు ఏమి జరిగిందో నీకు తెలీదా మే. వాళ్ళు యాడ, నేను యాడ."

"తెలిసే పిలస్తా ఉండాను," వసంతమ్మ గొంతు తగ్గించింది. "ఆ శాలవ నా చేత్తో నీకు కప్పాల. ఇన్నేండ్లుగా నాకుండే కోరిక అదొక్కటే."

అలా అంటున్నప్పుడు వసంతమ్మ కూడా ఆమె మొహంలోకి చూడలేదు.

చివరికి రెక్క పట్టుకుని ఎక్కించారు. స్రవంతి మైకు ముందుకొచ్చింది. రాసుకొచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"మా అవ్వ చెయ్యి విరిగింది గానీ ఈ ఊరి ఆడవాళ్ళ ధైర్యం విరగలేదు. రేపు నాకు ఏ కష్టం వచ్చినా మా అవ్వ ఆ గుమ్మంలో ఎట్లా నిలబడిందో తలుచుకుంటా. నేనూ అట్లాగే నిలబడతా."

చప్పట్లు షామియానా ఎగిరిపోయేలా మోగాయి. జయంతి కళ్ళు తుడుచుకుంది. అక్కమ్మకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలి లోపలికి దిగిపోతే బాగుండుననిపించింది. ఆ పిల్ల చెప్పిన ఆఖరి మాట మాత్రం చెవిలోంచి పోవడం లేదు.

వసంతమ్మ శాలువా విప్పింది. కప్పబోతుంటే అక్కమ్మ ఆపింది. వంకర చేత్తోనే మైకు అందుకుంది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా నిలబడి, మనవరాలి వైపు తిరిగింది.

"స్రవంతీ, ఆ సారాయంగడి మనదే; మూయించేదానికి వచ్చిన ఆడోళ్ళను రానీకుండా నేను గుమ్మానికి అడ్డం నిలబడితే, రోకలితో ఈ చెయ్యి ఇరగ్గొట్టింది మీ వసంతవ్వే."