గుప్పిట్లో మాత్ర

"నోరు తెరువు. ఇలా వెలుతురులోకి రా. ఆ... నాలుక పైకెత్తు."

వెంకటదుర్గ నోరంతా తెరిచింది. ఒకటో తరగతి పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. నోట్లో మాత్ర లేదు.

"మింగేసేవా?" అంది ఝాన్సీ.

"ఆయ్."

"నమలకుండానేనా? నమిలి మింగాలని టీచర్ గారు చెప్పలేదూ?"

దుర్గ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

బడిలో నులిపురుగుల మాత్రలు వేసిన రోజు దుర్గ కడుపునొప్పితో వెళ్ళలేదు. ప్రసన్న టీచర్ గుర్తుపెట్టుకుని, మాత్రను కాగితంలో చుట్టి ఇంటికి పంపింది. పిల్ల చూస్తే పుల్లల్లాంటి కాళ్ళు, కుండలాంటి పొట్ట. నిన్న దొడ్డికి వెళ్తే జానెడు ఏలికపాము పడిందట. ఆ మాట విన్నప్పటి నుంచీ ఝాన్సీకి ముద్ద దిగడం లేదు. అమలాపురంలో ఎవరి పిల్లకో అవి పేగుల్లో ఉండ చుట్టుకుంటే పొట్ట కోసి తీశారని ఎప్పుడో విన్నది. ఇప్పుడు కళ్ళు మూస్తే అదే.

"అత్తయ్యగారూ, మీరైనా కాస్త పట్టుకుని వెయ్యండి."

గుమ్మంలో కూర్చుని కొబ్బరాకు ఈనెలు తీస్తున్న మాణిక్యం తలెత్తలేదు.

"పొద్దున్న వెయ్యబోతే నా వేలు కొరికేసిందమ్మా. మా అబ్బాయి గంగబాబు చూస్తే అంబాజీపేటలో కొబ్బరి లోడు లారీ ఎక్కి పోయేడు. నువ్వు ఎంతసేపూ ఆ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటావు. దీన్నేమో నా మీద వదిలేసేవు."

ఝాన్సీ ఒళ్ళోకి చూసుకుంది. పాప అప్పుడే నిద్రలోకి జారుకుంటోంది. పొద్దున్నే తలంటి, గోళ్ళు తీసి, అన్నం తినిపించింది. అరికాళ్ళు కూడా మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

దుర్గ కాళ్ళకి దొడ్లో బురద.

"ఆ గోళ్ళేంటే, అంత పెరిగిపోయేయి?"

"పాపకైతే నువ్వే తీస్తావుగా!"

"మా బంగారం కదూ. నోట్లో వేసుకోమ్మా."

"నువ్వొచ్చి పెట్టు. నువ్వు పెడితే నమిలేస్తాను."

ఝాన్సీ గొంతు తగ్గించింది. "దించితే పాప లేచి ఏడుస్తాదే."

"ఏడవనీ."

మాణిక్యం కిసుక్కున నవ్వింది. "అడుగుతోంది కదమ్మా. చెప్పు సమాధానం."

పాప కదిలింది. ఝాన్సీ చెయ్యి దానంతట అదే జోకొట్టడం మొదలుపెట్టింది.

దుర్గ ఆ చేతినే చూస్తూ నిలబడింది. వెనక దాచిన గుప్పిట ముందుకు తెచ్చి విప్పింది. చెమటకి మాత్ర సగం కరిగి అరచేతికి అంటుకుపోయి ఉంది.

"పెట్టమ్మా" అంటూ నోరు తెరిచి, కళ్ళు మూసుకుంది.

ఝాన్సీ చెయ్యెత్తింది.

అంతలో కువైట్‌లో ఝాన్సీ పనిచేసే ఇంటి మేడం గదిలోకి వచ్చి, ఒక చేత్తో తన పాపను ఝాన్సీ ఒళ్ళోంచి ఎత్తుకుని, రెండో చేత్తో, తెరమీద దుర్గ ఇంకా నోరు తెరుచుకునే కనిపిస్తున్న ఫోనును లాగేసుకుంది.