ఆలస్యమ్మ

"చివర బస్సెక్కినవాళ్ళు పాట పాడాలి. బతిమాలినా వదిలేది లేదు!"

విహారయాత్ర ఓడ మొదటి రేవులో ఆగింది. ఊరు చూపించే బస్సులో గైడు పెట్టిన షరతు అది.

అందరూ చప్పట్లు కొట్టారు. పోస్ట్‌మ్యాన్ గారి భార్య గుండె మాత్రం గుభేలుమంది.

ఆయన ఉద్యోగమంతా వీధివీధీ తిరిగిన మనిషి. కిందటేడు పక్షవాతం వచ్చి కుడికాలు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. అప్పట్నుంచీ గుమ్మం దాటితే ఒట్టు.

"నలుగురిలో నవ్వులపాలయ్యే కన్నా మంచమే నయం" అనేవాడు.

జబ్బుకి ముందే కొన్న టికెట్లు. కాళ్ళావేళ్ళా పడి ఓడ ఎక్కించింది. ఇక్కడ నడిస్తే నడిచినట్టు, లేకపోతే ఆ మంచమే గతి అని ఆవిడ భయం.

"ఎవరైనా నవ్వారో, మళ్ళీ ఓడ దిగను" అని ఆయన ముందే చెప్పేశాడు కూడా.

ఆ రోజు చూసింది కొండ కొమ్మున లైట్‌హౌసు. కింద నల్లటి రాళ్ళ మీద సముద్రం విరుచుకుపడుతోంది. ఎంత బాగుందో! కానీ ఆవిడ చూపంతా మొగుడి కాలి మీదే.

తిరుగుదారిలో అందరూ చకచకా దాటిపోయారు. వీళ్ళు చేరేసరికి బస్సు నిండిపోయింది. కిటికీల నిండా మొహాలే.

ఆయన మొహం మాడిపోయింది.

"నేనేనా ఆఖరు?"

"ఆగండి బాబూ, ఆగండి! నన్నొదిలేసి పోతారా ఏంటి?"

వెనక నుంచి కేక. యాభై దాటిన పొడుగాటి ఆవిడ, టోపీ ఒక చెవి మీదకి జారిపోయి, ఆయాసపడుతూ వస్తోంది. చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీము.

"ముందు మీరెక్కండి అన్నయ్యగారూ. నాదెలాగూ ఆలస్యమే."

ఎక్కి, పాడింది. అది పాటే అని ఒప్పుకోవాలంటే చాలా జాలిగుండె ఉండాలి. బస్సంతా గొల్లుమంది. పోస్ట్‌మ్యాన్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఏడాది తర్వాత విన్న నవ్వు! ఈ మహాతల్లిని ఏ దేవుడు పంపాడో అనుకుంది భార్య.

తర్వాతి రేవులోనూ అదే వరస. ఆ తర్వాతా అంతే. ఒకరోజు బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయింది. ఇంకోరోజు చేపల బజారులో పిల్లితో కబుర్లు పెట్టుకుంది.

"అది మీ చుట్టమా అమ్మా?" అని గైడు వేళాకోళం చేస్తే, "అవును, మా పిన్ని!" అంది.

బస్సులోవాళ్ళు ఆవిడకి ఆలస్యమ్మ అని పేరు పెట్టేశారు.

పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం రెక్కలొచ్చాయి.

"చూశావుటే? ఆలస్యమ్మ కన్నా నేనే నయం!"

ఆ ధీమాతోనే సముద్రం ఒడ్డున పాతకోట మెట్లన్నీ ఎక్కాడు. పైన నిలబడి రేవునీ, ఊరినీ, తన కాలినీ మార్చి మార్చి చూసుకున్నాడు. భార్య కళ్ళొత్తుకుంది.

కానీ ఆ కోట దిగేటప్పుడే వాన పట్టుకుంది. మెట్లు జారుతున్నాయి. ఆయన ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. బస్సు చేరేసరికి రేవులో ఓడ కూత కూడా వినబడింది. లోపల అందరూ రుసరుసలాడుతున్నారు.

ఆయన కూర్చున్నాక, తడిసి ముద్దయి ఆలస్యమ్మ ఎక్కింది.

ఎక్కడ అందరూ ఆయన్ని అంటారో అని, భార్యే ముందుగా నోరు చేసుకుంది.

"ఏమ్మా, ఓడ వెళ్ళిపోతే ఎవరిది బాధ్యత? మీ ఒక్కరి కోసం ఇంతమందిమి పడిగాపులు పడాలా? సిగ్గన్నా ఉండాలి!"

ఇంకా ఇద్దరు ముగ్గురు వంత పాడారు.

"తప్పయిపోయింది వదినగారూ" అంది ఆలస్యమ్మ. మొహం మీది నీళ్ళు తుడుచుకుని, ఎప్పట్లాగే శ్రుతి లేకుండా పాట మొదలుపెట్టింది.

ఆ రాత్రి పోస్ట్‌మ్యాన్ భార్యకి అన్నం సయించలేదు. మొగుణ్ణి కాపాడుకోవడానికి పరాయి మనిషిని అంతేసి మాటలు అనేశానే అని బాధపడింది.

మర్నాడు ఆఖరి రేవు. ఆ పూట ఎవరికి వాళ్ళే ఊళ్ళోకి వెళ్ళారు, తిరుగుదారికే బస్సు.

తిరుగుదారిలో ఆవిడ పదేపదే వెనక్కి చూసింది. వీధి ఖాళీ.

"కంగారెందుకే? ఆలస్యమ్మ రావద్దూ!" అన్నాడు ఆయన తాపీగా.

బస్సెక్కారు. గైడు తలలు లెక్కపెట్టి, "అందరూ వచ్చేశారు, పోనీ!" అన్నాడు డ్రైవరుతో.

అందరూ పోస్ట్‌మ్యాన్ వైపు చూశారు. ఆయన కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అయిపోయింది, ఇక మంచమే అనుకుంది భార్య.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆలస్యమ్మకే లేని సిగ్గు నాకెందుకు?"

ఎత్తుకున్నాడు. మధ్యలో చరణం మరిచిపోయాడు, తనే నవ్వాడు, మళ్ళీ అందుకున్నాడు. బస్సంతా తాళం వేసింది.

"వచ్చే ఏడు కూడా వద్దామే" అంటూ వచ్చి కూలబడ్డాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని గైడు దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడేరి బాబూ? నిన్న నోరు జారాను. క్షమించమని అడగాలి."

"పొద్దున్నే ఓడ దిగి విమానానికి వెళ్ళిపోయారమ్మా. ఎక్కడో పోటీలున్నాయట, పిలిచారట."

"పోటీలా? నాలుగడుగులకే ఆయాసపడే మనిషికి పోటీలేంటి?"

గైడు నవ్వాడు.

"ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, వెళ్ళిపోయారుగా, చెప్తాను. పరుగు పందెంలో ఆవిడ పెట్టిన రికార్డుని మన దేశంలో ఇప్పటికీ ఎవరూ దాటలేకపోయారమ్మా."