కౌంటీ నుంచి వచ్చినావిడ

"కోటు విప్పు నోర్వల్! త్వరగా! కౌంటీ ఆవిడ వచ్చేసింది!"

బయట మంచు మీద కారు టైర్లు కరకరలాడాయి. చెప్పాపెట్టకుండా వచ్చిన ఆ కారుని ఆర్లిస్ కిటికీలోంచి గుర్తుపట్టింది. ఆమె భర్త నోర్వల్ పైజమా మీద కోటు తొడుక్కుని, చెవులు మూసే టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పాలు పితికే వేళయింది. ఆవులు అరుస్తున్నాయి," అన్నాడు.

ఆవుల్ని అమ్మేసి ఆరేళ్ళయింది.

"తర్వాత పితుకుదువుగాని. ఇలా కూర్చో. ఆవిడ ఏమడిగినా తల ఊపు, అంతే. నోరు తెరిచావంటే నిన్ను కౌంటీ హోమ్‌కి, ఆ ముసలివాళ్ళ ఆశ్రమానికి పట్టుకుపోతారు. పక్కింటి థెల్మా మొగుణ్ణి పట్టుకుపోలా?"

"థెల్మా ఎవరు?"

బెల్లు మోగింది. ఆర్లిస్ అతని ఒంటి మీంచి కోటు లాగేసి సోఫా కిందకి తన్నింది. వెళ్ళి తలుపు తీసింది.

మాక్సీన్ ప్రిబిల్ గుమ్మంలో బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో లోపలికొచ్చింది. ఆవిడ కౌంటీ బోర్డు మెంబరు, అంటే జిల్లా పాలకమండలి సభ్యురాలు. ముసలివాళ్ళ కోసం, రోగుల కోసం కౌంటీ పెట్టే ప్రతి డాలరూ ఆవిడ కమిటీ ఒప్పుకుంటేనే కదులుతుంది.

"కంగారు పడకండి. ఊరికే చూసిపోదామని వచ్చా," అంది.

ఆ మాటతో ఆర్లిస్‌కి మరింత భయం వేసింది. "చూడ్డానికేముందండీ? మేం శుభ్రంగా ఉన్నాం."

"చర్చిలో ఎవరో మీ ఆయన గురించి చెప్పార్లెండి."

"ఎవరు? ఏం చెప్పారు?"

"పేరు చెబితే ఆదివారం వాళ్ళ జుట్టు పట్టుకోరూ?" మాక్సీన్ నవ్వింది. నవ్వుతూనే ఇల్లంతా కలియచూసింది. ఆవిడ చూపు వంటగదిలోకి వెళ్ళి ఆగింది. "పొయ్యికి నాబ్‌లు లేవేంటి?"

ఆర్లిస్ చెయ్యి ఏప్రన్ జేబు మీదకి పోయింది. నాబ్‌లు అందులోనే ఉన్నాయి. మొన్న నోర్వల్ గ్యాస్ తిప్పి, వెలిగించడం మరిచిపోయి, దాని పక్కనే కూర్చుని కునుకు తీశాడు.

"జిడ్డు పట్టాయని కడిగి ఆరబెట్టానండీ."

"తలుపుకి అంత ఎత్తున గడియ దేనికి?"

"ఎలుగుబంట్లు వస్తున్నాయి."

"జనవరిలోనా? అవి చలికాలమంతా పడుకుంటాయిగా. పాపం, వాటికీ నిద్ర పట్టట్లేదన్నమాట!"

మాక్సీన్ కుర్చీ లాక్కుని నోర్వల్ ఎదురుగా కూర్చుంది.

"ఏం పెద్దాయనా, ఒంట్లో బావుందా?"

నోర్వల్ తల ఊపాడు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

ఊపాడు.

"ఈవిడ మిమ్మల్ని బాగా చూసుకుంటోందా?"

తల ఊపడం ఆగిపోయింది. నోర్వల్ ఎదురుగా ఉన్న కాఫీ కప్పు వంక చూశాడు. తర్వాత భార్య వంక చూసి చిటిక వేశాడు.

"అమ్మాయ్! మీ హోటల్లో కాఫీ కషాయంలా ఉంది. బిల్లు తెచ్చెయ్."

అంతా అయిపోయింది అనుకుంది ఆర్లిస్. గట్టిగా నవ్వేసింది. "చూశారా! పెళ్ళయిన రోజు నుంచీ ఇదే వేళాకోళం!"

మాక్సీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. "మా ఆయనా ఏం తక్కువ కాదులెండి. నా వంట తినే ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యమంటాడు!"

లేచి వెళ్ళి బూట్లు తొడుక్కుంది. "మీరిద్దరూ నిక్షేపంలా ఉన్నారు. నా పని తేలికైంది."

తలుపు పట్టుకుని నిలబడ్డ ఆర్లిస్‌కి అప్పుడు ఊపిరాడింది. "అయితే ఆయన్ని తీసుకెళ్ళరుగా?"

"ఎక్కడికి? హోమ్‌కా?" మాక్సీన్ ఆశ్చర్యపోయింది. "హోమ్‌కి పంపకుండా ఉండాలనే కదా మా తాపత్రయం! మతిమరుపు జబ్బున్న వాళ్ళని ఇంట్లోనే ఉంచి, చూసుకోడానికి కౌంటీ జీతంతో మనిషిని పెడుతున్నాం. ఇంకొక్క ఇంటికే డబ్బుంది. రేపే బోర్డులో ఓటు. ముందే చెబితే ఊరంతా మంచం ఎక్కుతుందని చెప్పకుండా వచ్చా. మీకు అక్కర్లేదు కాబట్టి వేరే వాళ్ళకిచ్చేస్తాం."

"మరి... సాయం దొరకని వాళ్ళు?"

"ఏం చేస్తాం? ఇవాళ కాకపోతే రేపు హోమే."

ఆర్లిస్ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "అబద్ధం చెప్పానండీ! ఆయనకి జబ్బు. రాత్రంతా ఇల్లు తిరుగుతాడు. మంచులోకి వెళ్ళిపోతాడు. నావల్ల కావట్లేదు!"

మాక్సీన్ మొహంలో నవ్వు మాయమైంది. "డబ్బు మాట చెవిన పడగానే జబ్బు వచ్చేసిందా? మీరు కూడానా ఆర్లిస్ గారూ?"

"ఒట్టు! నేనెవరో కూడా ఆయనకి తెలీదు. ఏడాదిగా నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. మీరే అడగండి!"

మాక్సీన్ విసుగ్గా నిట్టూర్చి, బూట్లతోనే లోపలికొచ్చింది. "పెద్దాయనా, ఒక్క మాట. ఈవిడెవరు?"

ఏడాదిగా ఏ మాట కోసం ఆర్లిస్ దేవుణ్ణి వేడుకుందో, ఆ మాట ఇప్పుడు మాత్రం రానివ్వద్దని మొక్కుకుంది. తెలీదని చెప్పు నోర్వల్. తెలీదని చెప్పు. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి.

నోర్వల్ ఆమెని చాలాసేపు చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. దగ్గరికొచ్చి, బొటనవేలితో ఆమె చెంప తుడిచాడు.

"ఎందుకేడుస్తావ్ ఆర్లిస్? నేనున్నాగా."