తుడిచిన గొంతు

"పోయినయ్ కొడుకా, అన్ని పోయినయ్! ఒక్కటన్న తియ్యి, నీ కాళ్లు మొక్కుత."

నిర్మల్ బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల దుకాణంలో నాగవ్వ కౌంటర్ మీదికి ఎక్కినంత పని చేసింది. తీరా దుకాణం నడిపే శ్రావణ్ చెయ్యి చాపితే ఫోన్ ఇవ్వడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఇంట్లో దాన్ని కోడలిని కూడా ముట్టనివ్వదు. పడుకున్నా తలకిందే పెట్టుకుంటుంది.

"ఏం పోయినయ్ పెద్దమ్మా?"

"నా కొడుకు ప్రేమ్‌సాగర్ మాటలు. దుబాయ్ నించి వాట్సాపుల పంపినయి."

"ఎట్ల పోయినయ్?"

"పొద్దున లేస్తే చుట్టాలు పూలు పంపుతరు గద. గవ్విటితోని ఫోన్ నిండి ఊకె ఆగుతున్నది. పూలు తుడుద్దామని చెత్తడబ్బా గుర్తు ఒత్తిన. పూలతోటి కొడుకు గూడ పాయె."

శ్రావణ్ నవ్వు ఆపుకున్నాడు. "మల్ల పంపుమనరాదు?"

"వాడు కల్లివెల్లి అయినోడు. కంపెనీల నించి పారిపోయి ఎడారిల దాసుకొని పని చేస్కుంటడు. ఎవని ఫోన్ దొరికితే గా ఫోన్ల మాట్లాడుతడు. నేనేడ దొరకబట్టాలె? మొన్ననే కోడలికని ఒక మాట పంపిండు. ఇనిపిద్దామనేసరికి గిట్లాయె."

ఆమె పరేషాన్ ఉత్తది కాదు. కోడలు నవత వాళ్లన్న పొద్దుటి నుంచి ఇంటి అరుగు మీద బైఠాయించాడు. బావ గొంతు వినిపిస్తే సరే, లేకుంటే సాయంత్రం బస్సుకు చెల్లెల్ని తీసుకుపోతానని మొండికేశాడు. చెల్లెలికి ఇంకా వయసుంది, పిల్లల్లేరు, మొగుడి ఊసు లేకుండా బీడీలు చుట్టుకుంటూ అత్త కాళ్లు ఎన్నాళ్లు పిసుకుతుందని అతని వాదన. తప్పని ఎవరనగలరు? కానీ నవత గడప దాటితే మోకాళ్లు అరిగిన నాగవ్వకు గ్లాసెడు నీళ్లందించే దిక్కు లేదు. ఆ భయానికే బస్సెక్కి ఇంత దూరం వచ్చింది.

"తుడిచిందల్లా వెంటనే పోదు పెద్దమ్మా," అన్నాడు శ్రావణ్. "జాగ ఖాళీ అయిందని ఫోన్ అనుకుంటది గంతే. కొత్తదేదన్న వచ్చి గా జాగల కూసునేదాక పాతది అట్లనే పడుంటది. మొన్నటి నించి కొత్తయి ఏమన్న వచ్చినయా?"

ఆ మాటకు జవాబన్నట్టు ఫోన్ టింగుమంది. ఎర్ర గులాబీలు, కింద శుభోదయం.

"అయ్యో, మల్ల కూసున్నది!" నాగవ్వ గుండె బాదుకుంది. "నెట్టు బందు వెట్టు కొడుకా, జల్ది!"

శ్రావణ్ మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌కు పెట్టాడు. నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ముక్కోటి దేవుళ్లకూ మొక్కింది. చాలాసేపటికి అతను తలెత్తాడు.

"కొన్ని దొరికినయ్. కొన్నిటి మీద పూలు కూసున్నయ్. ఇను."

"అవ్వా, బతుకమ్మ మంచిగ ఆడిన్రా..."

"గిది గాదు."

"అవ్వా, నాట్లు అయినయా? వానలెట్ల పడ్డయ్..."

"గిది గాదు. కిందిది పెట్టు."

"కొడుకు గొంతే గద పెద్దమ్మా, ఏదైతేంది?"

"నీకు తెల్వది. పెట్టు."

ఈసారి గొంతు వేరు. "అమ్మా... నేను సాగర్ రూంల ఉంటా..."

"బందు వెట్టు!" నాగవ్వ కసిరింది. "వాడెవడో తాగుబోతు. ఎప్పుడు పడితే అప్పుడు ఒర్లుతడు. గది మల్ల ఎవ్వలకు దొరకకుండ తుడువు."

"గట్ల తుడవాలంటే దాని మీద ఏదన్న నింపాలె."

"పూలున్నయి గద, నింపు!"

తర్వాతిది పెట్టాడు. "నవతా, నారాజ్ గాకు. జర ఓపిక పట్టు. అవ్వను ఇడిసి ఎటూ పోకు. ఎట్లనన్న నేనొస్త."

నాగవ్వ కళ్లు నిండాయి. దొంగ ఏడుపు కాదది, కన్నపేగు ఏడుపే. "ఇదే కొడుకా, ఇదే."

"ఒక్క మాట పెద్దమ్మా. అసలు తారీఖు పోయింది. తిరిగొచ్చినదానికి ఇయ్యాల్టి తారీఖే పడ్డది."

"పడనియ్. మంచిదే ఆయె."

ఆమె ఇల్లు చేరేసరికి నవత చీరలు సంచిలో సర్దుకుని నిలబడి ఉంది. నాగవ్వ అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఆ మాట పెట్టింది. మొగుడి గొంతు చెవిన పడగానే నవత సంచి వదిలేసి గోడకు ఆనుకుంది. ఆ మాటలు ఆమె ఎన్నడూ విన్నవి కావు.

"ఎప్పటిదత్తా గిది?" అన్నాడు నవత అన్న, ఇంకా అనుమానంగానే.

"సదువుకున్నోనివి, నువ్వే చూస్కో."

చూశాడు. ఇవాళ్టిదే. అతని మొహం చిన్నబోయింది. "తప్పు మాట్లాడిన అత్తా," అని సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు.

నవత చీరలు తిరిగి పెట్టెలో పెట్టి, నుదుట బొట్టు దిద్దుకుని వచ్చింది. "అత్తా, నేను గూడ ఒక మాట చెప్త. పంపుతవా?"

"ఎందుకు పంప? చెప్పు బిడ్డా." నాగవ్వ ఫోన్‌ను చేతిలోంచి వదలకుండానే కోడలి నోటి దగ్గర పట్టింది.

"ఇగో... నేనెటూ పోను. ఎన్నేండ్లయినా నీ కోసం చూస్త. నువ్వు పానం మంచిగ చూస్కో."

నాగవ్వ మీట నొక్కి ఫోన్‌ను రొంటిన దోపుకుంది. నవత నూనె గిన్నె తెచ్చుకుని ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు చూసి ఎన్ని రోజులైందో.

"జర గట్టిగ ఒత్తు బిడ్డా," అంది నాగవ్వ, కాళ్లు చాపుకుంటూ.

ప్రేమ్‌సాగర్ చచ్చిపోయి రెండేళ్లయిన ముచ్చట ఆమె కోడలికి ఇంకా చెప్పలేదు.