పుస్తకంలో నంబరు

"ఈ నంబరు చెల్లదమ్మా."

ఆసుపత్రి గేటు దగ్గర కంప్యూటరు తెర ఎర్రబడింది. చూడ్డానికొచ్చేవాళ్ల గుర్తింపు నంబరు సరిచూసే ఆ ప్రోగ్రాము రాసినవాడే ఈ పూట అక్కడ కూర్చున్నాడు.

"చెల్లకపోవడమేంటి నాయనా? నా నంబరు నాకు తెలీదా?" అంది కాలీడుస్తూ వచ్చిన ముసలావిడ.

"కార్డేదీ?"

"కబురందగానే బస్సెక్కేశా. కార్డు ఇంట్లోనే ఉండిపోయింది."

అతనికి నవ్వొచ్చింది. ఆ నంబరు తనకీ నోటికొచ్చు! గుర్తింపు నంబరులో చివరి అంకె మిగతా అంకెలకు కాపలా అనీ, ఒక్కటి తప్పినా పట్టిస్తుందనీ లెక్కల మాస్టారు నేర్పింది దానితోనే. మాస్టారు రాసిన పుస్తకంలో ఉదాహరణ అది. ఆ పుస్తకం చదువుకున్న ప్రతివాడూ అదే కొట్టి గేటు దాటేస్తుంటే, ఆ ఒక్క నంబరునీ ఆపెయ్యమని ప్రోగ్రాములో తనే రాశాడు.

"పుస్తకంలో నంబరు బట్టీపట్టి నాకే చెబుతున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది!"

"ఏ పుస్తకమో నాకేం తెలుసు బాబూ. మావాడు లోపలున్నాడు. ఒక్కసారి చూసి పోతా."

"అందరివాళ్లూ లోపలే ఉన్నారు. నంబరు దాటితేగానీ రోగి పేరు అడగదిది. జరగమ్మా, వెనక జనం ఉన్నారు."

ఆవిడ కాసేపు అక్కడే తచ్చాడింది. తర్వాత కనబడలేదు.

పని అయ్యాక అతను పై వార్డుకి వెళ్లాడు. అక్కడున్నది మాస్టారే. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. సాయంత్రం దాటడం కష్టమని డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. ఆయన కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

"ఎవరైనా వచ్చారా?"

"లేదు మాస్టారూ."

పాపం, ఎలాగైనా ఆయన్ని నవ్వించాలనిపించింది.

"మీ పుస్తకంలో నంబరు చెప్పి ఒకావిడ లోపలికి దూరబోయింది. నా దగ్గరా ఆటలు! పంపించేశా."

మాస్టారు నవ్వలేదు. లేవబోయారు, చేతకాలేదు.

"కాలీడుస్తుందా?"

"అవును... మీకెలా..."

"పరిగెత్తరా!"

పడుతూ లేస్తూ పరిగెత్తాడు. గేటు బయట అరుగు ఖాళీగా ఉంది.

"ఇంతసేపూ ఇక్కడే కూర్చుంది. ఇప్పుడే బస్సెక్కింది" అన్నాడు కాపలావాడు.

తిరిగొచ్చి మంచం పక్కన కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఎంత పని చేశాడు! మాస్టారు అతని తల నిమిరారు.

"నీ తప్పు కాదులేరా. పిల్లలకి ఉత్తుత్తి నంబరు నేర్పడం ఇష్టంలేక... నన్ను పెంచి చదివించిన మా అక్క నంబరు వేశాను."